ర్యాంకుల జాబితా గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ర్యాంకుల జాబితా గారికి,

నమస్కారం. ఉభయకుశలోపరి.

తమరు మళ్ళీ దర్శనమిచ్చారు. ఈసారి ఇంగ్లండ్ హెవీ మెటల్ బ్యాండు బ్లాక్ సబ్బత్ వాళ్ళ మొదటి ఆల్బమ్ మీద పడ్డారు. పైన 'అధ్వానం నుంచి అద్భుతం దాకా' అని హెడ్డింగు, కింద పాటలకు వరసగా అంకెలు. ఎంసెట్ చూసిన ఇళ్ళలో పుట్టినవాళ్ళం, ర్యాంకు అంటే మాకు భయభక్తులు ఎక్కువే. అందుకే చేతులు కట్టుకుని ఒక్క సందేహం అడుగుతున్నాను. ఇంతకీ ఈ ఆల్బమ్‌లో పాటలెన్ని?

వెటకారం అనుకోకండి. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం చూసుకుని మరీ, ఇంగ్లండ్‌లో విడుదల చేసిన రికార్డు మీద ఏడు పేర్లున్నాయి. అదే రికార్డు అమెరికా చేరేసరికి 'ఈవిల్ వుమన్' ఎగిరిపోయి, ఆ చోట్లో 'వికెడ్ వరల్డ్' వచ్చి కూర్చుంది. అంతటితో ఊరుకున్నారా? పాటకు ముందు సరదాగా వాయించిన ముక్కలకు కూడా 'వాస్ప్' అనీ 'బాసికల్లీ' అనీ 'ఎ బిట్ ఆఫ్ ఫింగర్' అనీ బారసాల చేసి, పక్క పాటలతో కలిపి కుట్టేశారు. ఇప్పుడు అమెరికా ప్రతిలో ట్రాకులు లెక్కపెడితే ఐదు, పేర్లు లెక్కపెడితే పది. తమరు ఏ లెక్కన పరీక్ష పెట్టారో, హాల్ టికెట్లు ఎందరికి ఇచ్చారో చెబితే మేమూ సిద్ధమవుతాం.

తమరి జాబితాలో అట్టడుగు స్థానం 'ఈవిల్ వుమన్'కు రిజర్వు అయినట్టే ఉంటుంది. ఛార్జిషీటు కూడా తయారే. వాళ్ళ సొంత పాట కాదు, క్రో అనే అమెరికా బ్యాండుది. విడిగా అమ్మే సింగిల్ రికార్డు కోసం మొహమాటానికి పాడారు. ఒప్పుకున్నాం. మరి ఆ పాటే లేని అమెరికా ప్రతిలో ఆఖరి బెంచీ మీద ఎవరిని కూర్చోబెడతారు? పోనీ అరువు పాట కావడమే నేరమైతే, 'వార్నింగ్' కూడా ఆన్స్‌లీ డన్‌బార్ రిటాలియేషన్ దగ్గర తెచ్చుకున్నదే. దానికి మాత్రం తమరు పైన ఎక్కడో కుర్చీ వేస్తారు. ఏం, అది పది నిమిషాలు దాటిందని గౌరవమా?

మొదటి పాట దగ్గరికి వద్దాం. బ్యాండు పేరు, ఆల్బమ్ పేరు, పాట పేరు మూడూ ఒకటే. దీనికి తమరు మొదటి ర్యాంకు ఇచ్చి, 'చారిత్రాత్మకం' అని ఒక్క ముక్క రాసి, రెండో నంబరుకు పరుగెత్తుతారు. కాసేపు ఆగండి స్వామీ. ముందు వాన, ఉరుము, దూరంగా గంట. తర్వాత టోనీ అయోమీ గిటార్ మీద మూడంటే మూడు స్వరాలు. మన కర్ణాటక సంగీతం లెక్కలో చెప్పాలంటే షడ్జమం (స), పై షడ్జమం, అక్కడి నుంచి దిగి ప్రతి మధ్యమం (రెండు 'మ'ల్లో పైది). యూరప్‌లో షడ్జమానికీ ప్రతి మధ్యమానికీ నడుమ ఉన్న ఈ దూరానికి 'సంగీతంలో సైతాను' అని పేరు పెట్టి భయపడ్డారు. మన 72 మేళకర్తల్లో సగానికి సగం, 36 రాగాల్లో అదే ప్రతి మధ్యమం ఉంది. కల్యాణి పాడుకునే ఇంట్లో పిల్లలు కూడా జడుసుకోరు. మరి ఇక్కడ వెన్ను ఎందుకు జలదరిస్తుంది? ఎందుకంటే వీళ్ళకు తొందర లేదు. ఆ స్వరం మీద దిగి, దాన్ని వణికిస్తూ అక్కడే నిలబెడతారు. పంచమంలో సేద తీరనివ్వరు. మళ్ళీ మొదటికి వెళ్తారు. ఆజీ ఆజ్‌బోర్న్ గొంతు విప్పేసరికే మనం సగం చచ్చి ఉంటాం. అన్నట్టు, ఆ వాన, గంట బ్యాండు వాయించినవి కావు, తర్వాత కలిపారు. వాటి మార్కులు ఎవరి ఖాతాలో వేశారు?

'ది విజర్డ్' గురించి నాకు పేచీ లేదు. మౌతార్గాన్‌తో మొదలయ్యే పాట ఎక్కడున్నా సుఖంగానే ఉంటుంది. 'ఎన్.ఐ.బి.' దగ్గర మాత్రం తమరి భక్తులు ఆ మూడక్షరాల్లో ఏదో సైతాను రహస్యం తవ్వుతారు. డ్రమ్మర్ బిల్ వార్డ్ గడ్డం పెన్ను పాళీలా ఉందని పెట్టిన పేరది.

ఇక 'వార్నింగ్'లో గిటార్ సాగదీత అని తమరు అర మార్కు కోశారు చూడండి, అక్కడ నాకు ఒళ్ళు మండింది. అయోమీది ఎడమచేతి వాటం. తీగలు నొక్కాల్సింది కుడిచెయ్యి. 17 ఏళ్ళప్పుడు ఫ్యాక్టరీలో మిషను కింద పడి ఆ చేతి రెండు వేళ్ళ కొసలు తెగిపోయాయి. ప్లాస్టిక్ సీసా కరిగించి, తొడుగులు చేసుకుని, వాటితోనే ఈ ఆల్బమ్ అంతా వాయించాడు. 1969 అక్టోబర్‌లో, లండన్ రీజెంట్ సౌండ్ స్టూడియోలో, ఒకే ఒక్క రోజులో. నలుగురూ కలిసి కూర్చుని ఏకబిగిన వాయించిన దాన్ని తమరు ముక్కలు కోసి తూకం వేస్తున్నారు.

అప్పట్లో లెస్టర్ బ్యాంగ్స్ అనే విమర్శకుడు రోలింగ్ స్టోన్ పత్రికలో ఈ ఆల్బమ్‌ను ఉతికి ఆరేశాడు. అయినా బ్రిటన్ చార్టులో ఎనిమిదో స్థానం దాకా ఎక్కింది. ఆయన మీద నాకు గౌరవమే. కోపం రావాలంటే కూర్చుని వినాలి కదా. తమరికి కోపమూ రాదు, మోజూ ఉండదు. ఆరో నంబరు వేసి చేతులు దులుపుకుంటారు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో ఆ నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. ఈ ఆల్బమ్ నుంచి 'ఎన్.ఐ.బి.' ఒక్కటే తీసుకున్నారు. ఇంక చెప్పాలా, తమరికి సాక్ష్యం దొరికింది, పాత జాబితాలు కొట్టేసి కొత్తవి రాసుకున్నారు. ఆ నెల్లోనే ఆజీ పోయాడు. వారం తిరక్కుండా తమరు నల్లంచు కట్టుకుని మళ్ళీ తయారు.

చివరగా ఒక విన్నపం. 'స్లీపింగ్ విలేజ్' ఎక్కడ అయిపోతుందో, 'వార్నింగ్' ఎక్కడ మొదలవుతుందో, అట్ట మీద చూడకుండా, చెవితో విని చెప్పండి. చెప్పగలిగితే ఆ రెండింటికీ ఏ నంబరు ఇచ్చినా నోరెత్తను. జవాబు తీరిగ్గానే రాయండి. 'పది కారణాలు' అని మాత్రం పంపకండి.

ఇట్లు,
ర్యాంకు రాని ఓ శ్రోత