చిల్లుల డిస్కుల మోజు

ఇది చదివి కొందరు తమ్ముళ్ళకు కోపం రావచ్చు. అయినా రాయక తప్పట్లేదు. పోలో జీటీయో, ఆక్టేవియా వీఆర్ఎస్సో, ఏదో ఒక జోరు కారు కొనడం, ఇంజిన్ బలం పెరిగేలా దాని కంప్యూటర్‌ని రీమ్యాప్ చేయించడం, మర్నాడే ‘అన్నా, డ్రిల్డ్ డిస్కులు ఎక్కడ దొరుకుతాయి?’ అని మెసేజ్ పెట్టడం. అంటే చక్రంతో పాటు తిరిగే బ్రేక్ పళ్ళెం నిండా చిల్లులు పొడిచినవి. ఈ వారంలోనే ముగ్గురు అడిగారు.

నేనూ ఆ మోజులో పడినవాణ్ణే. అల్లాయ్ వీల్ సందుల్లోంచి ఆ చిల్లులు కనిపిస్తుంటే పార్కింగ్‌లో కారు చుట్టూ రెండుసార్లు తిరిగి మరీ చూసుకునేవాణ్ణి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ఒక్క రోజు తిప్పి, చక్రం విప్పి చూస్తే ఏముంది? చిల్లు నుంచి చిల్లుకు పగుళ్ళు. వేసవిలో చెరువు నెర్రెలిచ్చినట్టు!

బ్రేక్ చేసే పని వేగాన్ని వేడిగా మార్చడం. 60లో ఆపేటప్పుడు పుట్టే వేడికి 120లో నాలుగింతలు పుడుతుంది. ఆ వేడిని ముందు మింగాల్సింది డిస్కులోని పోత ఇనుమే. చిల్లులు పొడిస్తే ఆ ఇనుమే తగ్గుతుంది, పైగా పగులు మొదలవడానికి ప్రతి చిల్లు అంచూ ఒక చోటు. ఒకప్పటి ప్యాడ్లు, అంటే డిస్కుని రెండు వైపులా నొక్కిపట్టే బిళ్ళలు, వేడెక్కితే గ్యాస్ వదిలేవి, అది బయటికి పోవడానికి చిల్లులు పెట్టారు. ఇప్పటి ప్యాడ్లతో ఆ బాధ దాదాపు లేదు. వానలో తడి త్వరగా వదులుతుందంటే, సరే, ఒప్పుకుంటా.

‘మరి పోర్షేకి ఉంటాయిగా?’ ఉంటాయి. చిల్లులు ఉంటాయని ముందే లెక్కేసి, అంత పెద్ద డిస్కు పెడతారు వాళ్ళు. అయినా 911ని ట్రాక్ మీద తిప్పేవాళ్ళలో చాలామంది వాటిని తీసేసి, చిల్లులకు బదులు ముఖం మీద గాట్లు మాత్రమే ఉన్న డిస్కులు వేసుకుంటారు. గాట్లు ప్యాడ్ ముఖాన్ని గీకి శుభ్రంగా ఉంచుతాయి. కాకపోతే ప్యాడ్ త్వరగా అరుగుతుంది, కాస్త గుర్రుమంటాయి కూడా. ఇక బాగా ఖరీదైన కార్బన్ సిరామిక్ డిస్కుల గురించి ఈఎమ్ఐ కట్టేవాళ్ళం మాట్లాడుకోవద్దు.

అసలు నా కడుపుమంట బ్రేక్ ఆయిల్ గురించి. మనం పెడల్ తొక్కిన బలాన్ని ప్యాడ్ల దాకా మోసేది అదే. తిరుమల ఘాట్ దిగుతుంటే పెడల్ మెత్తబడిందని డిస్కుని తిడతారు. ఆయిల్ ఎప్పుడు మార్చావు తమ్ముడూ అంటే మౌనం. డాట్ 4 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. గాలిలోని తేమ పీల్చి పాతబడ్డాక ఆ హద్దు 155కి పడిపోతుంది. ఆయిల్ మరిగి లోపల బుడగలు పుడితే తొక్కిన బలం వాటిని నొక్కడానికే పోతుంది, ఇక ఎంత ఖరీదైన డిస్కయినా ఏం చేస్తుంది? ఆయిల్ మార్చండి, ఘాట్ సెకండ్ గేర్‌లో దిగండి.

ఇంకొకటి. స్టీరింగ్ వణికితే చాలు, ‘డిస్కు వంకరపోయింది, మార్చాలి’ అనేస్తారు. చాలాసార్లు అది వంకర కాదు. టోల్ గేట్ దగ్గర గట్టిగా బ్రేక్ వేసి, అలాగే పెడల్ తొక్కిపట్టి నిలబడితే వేడి డిస్కు మీద ఒకే చోట ప్యాడ్ మసాలా అంటుకుంటుంది. వణుకు దానిదే. డిస్కు ముఖాన్ని లేత్ మీద చెక్కించి చదును చేయిద్దామనుకుంటే, ఇంతకంటే పల్చబడకూడదని డిస్కు మీదే ఒక అంకె చెక్కి ఉంటుంది, ముందు అది చూసుకోండి.

ఇప్పుడు నా కారుకున్నవి చిల్లుల్లేని, మధ్యలో గాలి ఆడే మామూలు హై కార్బన్ డిస్కులు. మిగిలిన డబ్బు మంచి ప్యాడ్లకూ ఆయిల్‌కూ పెట్టాను. ఆ పాత డిస్కులు మా బాల్కనీలో మల్లె కుండీల కింద ఉన్నాయి. నీళ్ళు మాత్రం చక్కగా కారిపోతున్నాయి.