ఉచిత వంట శిక్షణ కేంద్రం గుమ్మంలోని వేలిముద్ర మిషన్ గారికి

నమస్కారమండి. సార్ అనాలో మేడమ్ అనాలో తెలియడం లేదు. గొంతు ఆడగొంతు, బుద్ధి మాత్రం పాత పట్వారీది. ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది కాబట్టి తమరు క్షేమమే అనుకుంటాను. నేనెవరో తమరికి తెలియదు. ఆ సంగతి తమరే రోజూ పొద్దున ఏడెనిమిది సార్లు చెబుతున్నారు, "దయచేసి మళ్ళీ ప్రయత్నించండి" అని, ఎంతో మర్యాదగా.

మొన్న గోడకు హాజరు పట్టీ అంటించారు. ఈ 54 రోజుల్లో నేను రానివి రెండే రెండు రోజులు. ఒకరోజు చిన్నోడికి జ్వరం, ఇంకోరోజు మా ఆడబిడ్డ అత్తగారి దినాలు. తమరి లెక్కలో మాత్రం నేను వచ్చింది 31 రోజులట. డెబ్బై శాతం లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, పరీక్ష రాయకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు. మరి మిగిలిన 21 రోజులు నా ఏప్రాన్ కట్టుకుని ఆ వంటగదిలో ఉల్లిగడ్డలు కోసిందెవరో తమరే సెలవివ్వాలి. దయ్యమే అయితే చాలా బాగా కోసింది, ముక్కలన్నీ ఒకే సైజులో ఉన్నాయని షెఫ్ సార్ అందరికీ ప్లేటు ఎత్తి చూపించారు కూడా.

ఆఫీసు పిల్లగాణ్ణి అడిగితే పాపం అతనూ తల గోక్కున్నాడు. "నువ్వు రోజూ వస్తున్నవని నాకు తెల్వదా అక్కా? కానీ నేను చూస్తే లెక్కకు రాదు, అది చూడాలె" అన్నాడు. అది అంటే తమరే. కంటి పాపతో హాజరు పట్టే మిషన్ ఇంకొకటి వచ్చిందట, అట్టపెట్టెలో ఉంది. దాని మీద మా చాయ్ గ్లాసులు పెడుతున్నారు.

పోయి ఆధార్ సెంటర్లో వేలిముద్రలు మళ్ళీ వేయించుకుని రమ్మన్నారు. నిన్న పోయాను. అదీ ఏ రోజు? ఓవెన్ రోజు. చేరిన నాటి నుంచి నేను ఎదురుచూసిన ఒకే ఒక్క రోజు. కట్టెల పొయ్యి, గ్యాస్ పొయ్యి, బీడీ సెంటర్ వెనక ఊక పొయ్యి, అన్నీ చూశాను గానీ ఓవెన్ తలుపు నా చేత్తో తీసింది లేదు. వాళ్ళంతా పఫ్‌కి పొరలు పొరలుగా వెన్న పెట్టి మడతలు వేస్తుంటే నేను పన్నెండింటి నుంచి నాలుగున్నర దాకా లైన్లో నిలబడ్డాను. వండిన పదార్థం 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఎక్కువసేపు ఉంటే పాడైపోతుందని మొదటి వారమే చెప్పారు. మమ్మల్ని ఆ రేకుల షెడ్డు కింద ఉంచింది సరిగ్గా ఆ మధ్యలోనే.

ఆపరేటరమ్మ నా పది వేళ్ళూ తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడిచి, ఒక్కొక్కటి పట్టుకుని అద్దం మీద అదిమింది. తెర మీద బూడిద రంగు మరకలు పడ్డాయి, గీతలు లేవు. "గ్లిసరిన్ రాయమ్మా. ఒక పది రోజులు బాసాన్లు తోమకు, కత్తి పట్టకు, మిర్చి ముట్టకు, చర్మం మళ్ళ వస్తది" అంది. అమ్మా, నేను వంట నేర్చుకుంటున్నా అన్నాను. ఆమె నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, బస్సెక్కాక ఏడుపొచ్చింది.

ఆ బస్సులో కండక్టరమ్మ ఏం చేసిందో చెప్పనా? నా ఆధార్ కార్డు చూసింది, నా మొహం చూసింది, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టింది. ఊపిరాడనంత రద్దీలో ఆమెకు పట్టింది రెండు సెకన్లు.

నాకు తమరి తప్పొప్పుల లెక్క వద్దు గానీ, ఈ వేళ్ళ సంగతి ఒకసారి వినండి. వీటితో పెళ్ళికి ముందు కోరుట్లలో బీడీలు చుట్టాను. తునికాకు తడిపి, కత్తిరించి, చుట్టి, కొసలు మడిచి దారం కట్టడం, వెయ్యి అయితే గానీ లేవకపోవడం. పెళ్ళై వరంగల్ వచ్చాక ఎనుమాముల మార్కెట్ దగ్గర మిర్చికి తొడిమలు తీశాను, రాత్రుళ్ళు చేతులు మండి పచ్చి పాలలో ముంచుకుని కూర్చునేదాన్ని. మన చపాటా మిర్చికి 2025లో ఈ నేల పంట అని చెప్పే జీఐ గుర్తింపు వచ్చింది, సంతోషం, పేపర్లో ఫొటో కూడా వేశారు. తొడిమ తీసిన వేలికి నీ దగ్గర గుర్తింపు లేదు. ఆ తర్వాత ఎనిమిదేళ్ళు హంటర్ రోడ్డు ఫంక్షన్ హాళ్ళలో బాసాన్లు. ఐదొందల మంది తిన్న బగారా గంగాళానికి అడుగంటిన మాడు ఎట్లా వదులుతుందో నీకేం తెలుసు? స్టీలు పీచు, సబ్బు పొడి, రాత్రి రెండింటి దాకా.

అవును, నువ్వు అనే అంటున్నాను. మర్యాద ఇంతసేపే చేతనైంది.

బయట బ్యానర్ మీద ఏం రాశారు? పనులు దొరకని పెద్ద వయసు వాళ్ళకు, ఒంటరి ఆడవాళ్ళకు, చదువు మధ్యలో ఆగినవాళ్ళకు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్ళకు, జైలు నుంచి విడుదలైనవాళ్ళకు ఉచిత శిక్షణ అని రాశారు. అట్లాంటి వాళ్ళు అప్పటిదాకా ఏం పని చేసి బతికుంటారు? కంప్యూటర్ ముందు కూర్చునా? సౌదీలో పదకొండేళ్ళు సిమెంటు కలిపి వచ్చిన సిరిసిల్ల అన్నకు ఎడమచేతి చిటికెన వేలు ఒక్కటే బతికుంది, దానికి దెబ్బ తగలకుండా గుడ్డ చుట్టుకుని తిరుగుతాడు. మా బ్యాచ్‌లో నిన్ను చూసి భయం లేనిది ఒక్క తమ్ముడికే. మూడేళ్ళు జైల్లో ఉండి వచ్చాడు, వేలు ఆనించగానే టింగుమంటావు. "పోలీసోల్లు మస్తు సార్లు తీసిన్రు అక్కా, నా ముద్రలకు అలవాటే" అంటాడు.

మిగతా వాటి జోలికి నేను పోను. కోటు ఎక్స్‌ఎల్ సైజు తప్ప రాలేదు, చేతులు నాలుగు మడతలు పెట్టుకుంటున్నాను, పర్వాలేదు. తల్లి సాసులని ఐదు నేర్పారు, మిగతా సాసులు వాటి నుంచే పుడతాయట. బెషమెల్ అంటే మైదా వెన్నలో వేయించి పాలు పోయడం, అంతే. హన్మకొండలో పెళ్ళికి బెషమెల్ అడిగినవాణ్ణి నేనింకా చూడలేదు, పచ్చి పులుసు మాత్రం సిలబస్‌లో లేదు. కోర్సు అయ్యాక హైదరాబాద్‌లో కామీ 3 ఉద్యోగమట, వంటగదిలో అన్నిటికన్నా కింది మెట్టు, నైట్ డ్యూటీ, ఇద్దరు పిల్లల్ని ఎవరు చూస్తారని ఎవరూ అడగలేదు. సరే, అవన్నీ మనుషులతో మాట్లాడుకునే సంగతులు, ఎప్పుడో ఒకప్పుడు మాట్లాడుకుంటాం.

నీతో ఏం మాట్లాడను? రేషన్ షాపులో మీ అక్క ఉంది. మనిషికి ఆరు కిలోల సన్న బియ్యం వస్తున్నప్పటి నుంచి ఆమెకూ గర్వం పెరిగింది. అయినా మూడోసారికో నాలుగోసారికో కరుగుతుంది. నువ్వు కరగవు.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. నువ్వు నన్ను కాదన్న ప్రతిరోజూ లైన్లో వెనక ఉన్న వాళ్ళంతా ఆగారు. ఒకామె తన కొంగుతో నా వేలు తుడిచింది, ఒకరు నోటితో ఊదారు, సిరిసిల్ల అన్న నీ నెత్తిన రెండు మొట్టికాయలు వేశాడు. నిన్న సాయంత్రం వచ్చేసరికి నా వంతు ఎగ్ పఫ్ టిష్యూలో చుట్టి నా చెప్పుల పక్కన స్టూలు మీద పెట్టారు. చల్లారింది గానీ పొరలు విడిగానే ఉన్నాయి. అది తింటుంటే ఆఫీసు పిల్లగాడు పట్టీ చూసి నెమ్మదిగా చెప్పాడు, ఆధార్ సెంటర్‌కు పోయిన రోజు కూడా గైర్హాజరేనట.

రేపు తొమ్మిదింటికి వస్తున్నా. గ్లిసరిన్ సీసా కొన్నాను, నలభై రూపాయలు, సంచిలోనే ఉంది. పొద్దున మాత్రం రాసుకోను. రేపు ఐదు కిలోల ఉల్లిగడ్డలు నా వంతు, చేతులు జిడ్డుగా ఉంటే కత్తి జారుతుంది.

ఇట్లు,
బ్యాచ్‌లో 17వ నంబరు,
నిన్నటితో కలిపి నీ లెక్కలో 24 రోజులు రాని మనిషి