చిమ్మిలి నాకు వేడి, సిగరెట్టు ఆయనకు చలువ

ఈ మధ్యాహ్నం కావలిలో ఒక సీమంతానికి వెళ్ళి బంతిలో కూర్చున్న పాపానికి, నా విస్తరిలోని చిమ్మిలి ఉండను మా వారి పెద్దమ్మగారు చేయి చాచి తీసేశారు. "నీకు నువ్వులు వద్దమ్మాయ్, వేడి. ఇంకా నీళ్ళోసుకోవాల్సిన దానివి" అని పంక్తి అంతటికీ వినబడేటట్లు సెలవిచ్చారు. పెద్దమనిషైన పిల్లకు ఒంటికి బలమని ఇదే చిమ్మిలిని బతిమాలి తినిపించే మన ఇళ్ళలో, పెళ్ళయి కడుపు పండలేదనగానే ఇనుము, కాల్షియం ఉన్న ఆ నువ్వే విషమైపోవడం ఏ శాస్త్రంలో ఉందో పెద్దలే చెప్పాలి.

అదే సమయానికి పందిరి వెనుక మా వారు సిగరెట్టు కాలుస్తున్నారు. ఆ పొగ మాత్రం ఎవరికీ వేడి అనిపించలేదు. వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుందనీ, పొగా మద్యమూ దానిని దెబ్బతీస్తాయనీ, సంతానం కలగని జంటల్లో దాదాపు సగం మందికి మగవారి వైపు కూడా కారణం ఉంటుందనీ వైద్యులు మొత్తుకుంటున్నా, పథ్యం నాకే, స్కానింగులు నాకే, ఆన్‌లైన్‌లో తెప్పించిన "హార్మోన్ల లడ్డూ" డబ్బా కూడా నాకే. మూసుకుపోయిన అండనాళాన్ని తెరిచే లడ్డూ ఈ భూమి మీద లేదన్న మాట చెబితే నేను పొగరుబోతును.

నాకు వండడం రాక కాదు. కందిపప్పులో మునగాకు వేసి, దించాక నిమ్మకాయ పిండితే అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. అన్నం తినగానే టీ తాగితే ఆ లాభం తగ్గుతుంది. పీసీఓడీ, అంటే హార్మోన్లు అదుపు తప్పి నెలసరి తప్పే అండాశయ సమస్య, ఉన్న మా చెల్లెలి కోసం అన్నం కుప్ప తగ్గించి, కనిగిరి వైపు సజ్జలతో సంకటి కెలికి, పక్కన పెసరపప్పు తోటకూర పెడుతున్నాను. ఆ సమస్యలో తరచూ జరిగేటట్లు ఇన్సులిన్ ఒంట్లో సరిగా పని చేయని వారికి ముద్ద ముద్దకూ లెక్క ఉంటుంది. గర్భం కోరుకునే వారు ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ వేసుకోవాలనీ, బిడ్డ మెదడూ వెన్నుపామూ ఏర్పడే గొట్టం గర్భం నిలిచిన నాలుగు వారాల్లోనే మూసుకుంటుందనీ ఆ పెద్దమ్మగారు ఏనాడైనా ఏ కోడలికైనా చెప్పారా? లేదు, విస్తరిలో చేయి పెట్టడమే వారికి తెలిసిన వైద్యం.

అసలు పోషకాహారం గురించి మాట్లాడే ముందు మన ఇళ్ళలో వడ్డన వరుస గురించి మాట్లాడాలి. నెల్లూరు చేపల పులుసు అని ఊరంతా గొప్పలు పోతాం కదా, తెల్లవారి చేపలు తోమి, చింతపండు పిసికి, మామిడికాయ ముక్కలు వేసి వండిన మనిషి ముందుకు ఆ దాక వచ్చేసరికి తోకా, తలకాయా, అడుగున పులుసూ మిగులుతాయి. "పులుసులోనే సారమంతా ఉంటుంది" అని ఓదార్పు. సారమంతా అందులోనే ఉంటే ముక్కలు మీరెందుకు తింటున్నారు?

ఈ ఆదివారం నుంచి మా ఇంట్లో మొదటి వడ్డన నాకే, నడిమి ముక్క నాదే. అభ్యంతరం ఉన్నవారు తామే బజారుకు వెళ్ళి, చేపలు తెచ్చుకుని, తోముకుని వండుకోవచ్చు.