నాడి ఎవరిదో తేల్చే ముందు టిబెటన్ చదవండి

2018లో టిబెటన్ల ఔషధ స్నాన పద్ధతిని చైనా తన పేరు మీద యునెస్కో జాబితాలో చేర్పించుకుంది. మరుసటి ఏడాది మనం లద్దాఖ్‌లోని లే పట్టణంలో జాతీయ సోవా రిగ్పా (అంటే టిబెటన్ వైద్యం) సంస్థకు ఆమోదం తెలిపాం. అప్పటి నుంచి ఆ వైద్యం తమదంటే తమదని రెండు వైపులా లాగుడే. మన వైపు వాదన అందరికీ తెలిసిందే: టిబెట్ వైద్యం అంటే మంచు కొండలెక్కిన ఆయుర్వేదం, అంతే.

ఇందులో సగం నిజం ఉంది. 11వ శతాబ్దంలో, కాశ్మీర్‌లో చదువుకున్న టిబెటన్ అనువాదకుడు రిన్‌చెన్ జాంగ్‌పో, వాగ్భటుడి ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయాన్ని టిబెటన్‌లోకి తెచ్చాడు. 12వ శతాబ్దపు వైద్యుడు యుతోక్ యోంతెన్ గోన్‌పో పేరుతో ముడిపడిన గ్యూషి వాళ్ల మూల గ్రంథం. దాని 156 అధ్యాయాల్లో వాగ్భటుడి నుంచి తీసుకున్న భాగాలు చాలానే ఉన్నాయి. వాత, పిత్త, కఫాలూ ఉన్నాయి.

అసలు మజా నాడి దగ్గర మొదలవుతుంది. గ్యూషిలో నాడి పరీక్ష చాలా వివరంగా ఉంటుంది. చరకుడు, సుశ్రుతుడు, చివరికి వాగ్భటుడు కూడా మణికట్టు పట్టుకుని రోగం చెప్పే పద్ధతి రాయలేదు. మన సంస్కృత గ్రంథాల్లో అది స్పష్టంగా కనిపించేది శార్ఙ్గధర సంహితలో, అంటే గ్యూషి తర్వాతే. మన తెలుగు వైద్యులు ప్రమాణంగా చూసుకున్న బసవరాజీయం ఇంకా తర్వాతిది. టిబెటన్ వైద్యుడు మూడు వేళ్లు ఆనించే చోట్ల పేర్లు మాత్రం చైనా పేర్లకు బాగా దగ్గర. మరి ఎవరు ఎవరికి నేర్పారు? మనకు నాడి ఏ దారిన వచ్చింది? ఈ ప్రశ్న అడిగితే మన వేదికల మీద ముఖాలు మాడిపోతాయి. అలాగని చైనా వాళ్లు సంబరపడక్కర్లేదు. మూడు దోషాల లెక్క బీజింగ్ నుంచి రాలేదు.

ఈ విషయంలో టిబెటన్లే మనకంటే ధైర్యవంతులు. గ్యూషి సాక్షాత్తు బుద్ధుడి వాక్కు అని వాళ్ల సంప్రదాయం. అయినా 16వ శతాబ్దంలో జుర్‌ఖర్ లోద్రో గ్యాల్‌పో అనే వైద్యుడు, ఇది టిబెట్‌లో టిబెటన్ రాసిందేనని వాదించాడు. సొంత మూల గ్రంథాన్నే నిలదీసిన మనిషిని వాళ్లు వెలివేయలేదు, మహావైద్యుల్లో ఒకడిగా నిలుపుకున్నారు.

మనం పట్టుకోకపోతే చైనా మింగేస్తుందని కొందరి భయం. ఆ భయాన్ని కొట్టిపారేయలేం. లాసాలో 1696లో మొదలైన చాగ్‌పోరి వైద్య కళాశాల 1959లో నేలమట్టమైంది. 1961లో ధర్మశాలలో మెన్-త్సీ-ఖాంగ్ అనే టిబెటన్ వైద్య సంస్థ మళ్లీ తెరుచుకోబట్టే ఆ చదువు ప్రవాసంలో బతికింది. 2010లో మన పార్లమెంటు సోవా రిగ్పాకు చట్టబద్ధ గుర్తింపునిచ్చింది, మంచి పనే. కానీ ఆశ్రయమిచ్చినంత మాత్రాన పుట్టుక మనదైపోదు కదా.

నా అసలు గొడవ వేరే. ప్రాచీన విజ్ఞానం అని గొంతు చించుకునే మన దేశంలో ఆ విజ్ఞానాన్ని చదివే ఉద్యోగాలెన్ని? గ్యూషి సారాంశాన్ని తొలిసారి ఇంగ్లిష్‌లో 1835లో కలకత్తా నుంచి వెలువరించింది అలెగ్జాండర్ చోమా అనే హంగేరియన్. రవిగుప్తుడి సంస్కృత వైద్య గ్రంథం సిద్ధసారాన్ని టిబెటన్ అనువాదంతో పోల్చి 1980ల్లో పరిష్కరించింది ఎమ్మెరిక్ అనే పాశ్చాత్య పండితుడు. మన వైద్య గ్రంథం పాఠం సరిచూసుకోవడానికి కూడా పరాయివాళ్ల టిబెటన్ చదువే దిక్కయింది. మనమేమో సెమినార్లలో శాలువాలు కప్పుకుంటున్నాం.

1956లో మొదలైన వైద్య చరిత్ర సంస్థ ఇప్పుడు హైదరాబాద్‌లోనే ఉంది. సంస్కృతంతో పాటు టిబెటన్, పాత చైనీస్ నేర్చుకునే కుర్రాళ్లకు అక్కడ అయిదేళ్ల ఫెలోషిప్పులు పెట్టాలి. వాళ్లు కనీసం ఏడాది పాటు లేలోని అమ్‌చీల (సోవా రిగ్పా వైద్యుల) దగ్గర కూర్చుని గ్యూషిలోని నాడి అధ్యాయాలు చదవాలి. నాడి మనది కాదని తేలినా సరే, ఆ పరిశోధన ప్రభుత్వ ఖర్చుతోనే అచ్చు కావాలి.