వయసు తెలీదా? యాడ్స్ అమ్మేటప్పుడు తెలుసుగా!

సోషల్ మీడియా కంపెనీలది మళ్లీ అదే పాట. చిన్నపిల్లలు మా యాప్‌లో ఉన్నారో లేదో మాకు తెలీదు అని. ఒక్కసారి బూట్ల కోసం వెతికితే వారమంతా బూట్ల యాడ్సే చూపించే కంపెనీలకి, రోజంతా కార్టూన్లు చూసే యూజర్ వయసు మాత్రం తెలీదంటే మేం నమ్మం.

తెలీదనడం వెనక లెక్కుంది. అమెరికాలో 1998లో కోపా చట్టం వచ్చింది, 13 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే తల్లిదండ్రుల పర్మిషన్ ఉండాలంది, కానీ అందరూ వాడే సైట్లకి అది వర్తించాలంటే అవతలున్నది పిల్లలని వాళ్లకి తెలిసుండాలి. ఇంకేం, తెలుసుకోకపోతే సరి! 2010లో మొదలైన ఇన్‌స్టాగ్రామ్ కొత్తగా చేరేవాళ్లందర్నీ పుట్టినతేదీ అడగడం మొదలెట్టింది 2019 డిసెంబర్‌లో.

యూట్యూబ్ అయితే మరీ దారుణం. బొమ్మల కంపెనీ దగ్గరికెళ్లి 6 నుంచి 11 ఏళ్ల పిల్లల్ని చేరడంలో మేమే ముందున్నాం అని గొప్పలు చెప్పుకుంది, ఇంకో యాడ్ కంపెనీకేమో మా దగ్గర 13 ఏళ్లలోపు వాళ్లే లేరు కాబట్టి కోపాతో పన్లేదంది. ఈ రెండు నాలుకలు ప్రభుత్వం పెట్టిన కేసులో బయటపడ్డాయి, 2019లో 17 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది.

తల్లిదండ్రులే చూసుకోవాలి, వయసు చెక్ చేస్తే అందరి ప్రైవసీ పోతుంది అనేవాళ్లున్నారు, అందులో కొంత నిజముంది. కానీ ముక్కూమొహం తెలీని పెద్దవాడు ఓ పిల్లాడికి మెసేజ్ పెట్టి, మంచిగా మాట్లాడి, ఫోటో పంపించుకుని, మర్నాడు అదే ఫోటోతో డబ్బుల కోసం బెదిరిస్తుంటే, ఆ పరిచయానికి తలుపు తెరిచింది అమ్మానాన్నలా? పక్కన కూర్చున్నా కనపడదది.

ఇప్పుడు ఆస్ట్రేలియా చూడండి. 16 ఏళ్లలోపు వాళ్లకి సోషల్ మీడియా అకౌంట్లు ఉండకూడదనే రూల్ 2025 డిసెంబర్ 10న అమల్లోకి వచ్చింది, తప్పితే కంపెనీలకి 4.95 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల దాకా జరిమానా. అంతే, ఇన్‌స్టాగ్రామ్ ఓనరైన మెటా గడువుకి వారం ముందే అకౌంట్లు మూసేయడం మొదలెట్టింది. ఇన్నేళ్లూ తెలీని వయసు జరిమానా అనగానే ఎలా తెలిసిపోయింది? ఆ నిషేధం మంచిదా కాదా అనేది వేరే చర్చ, తెలీదన్నది అబద్ధమని మాత్రం తేలిపోయింది.

చట్టాలు చేసే పెద్దలకి చెప్తున్నాం. తెలిస్తేనే బాధ్యత అనే ఆ సందుని మూసేయండి. పిల్లల అకౌంట్లకి తెలీనివాళ్ల మెసేజ్‌లు రాకుండా మొదట్నుంచే ఆపి ఉంచమనండి. రేపు మీ ముందుకొచ్చి ఎవరైనా వయసు తెలీదంటే యాడ్స్ అమ్మిన లెక్కలు టేబుల్ మీద పెట్టమనండి. అదీ అడగలేకపోతే పిల్లల భద్రత మీద స్పీచ్‌లు ఇవ్వడం ఆపేయండి.