కాలయంత్రానికి గేట్ పాస్

మొన్న ఆదివారం మా మేనల్లుడి పుట్టినరోజు వేడుక కూకట్‌పల్లి వైపున్న ఒక మాల్‌లో జరిగింది. నా వస్తువు ఇంకా వాళ్ళ దగ్గరే ఉంది కనుక ఆ మాల్ పేరు చెప్పడం వివేకం కాదు.

1991లో సింగీతం శ్రీనివాసరావు గారి కాలయంత్రం సినిమా ‘ఆదిత్య 369’ను ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని ఒక హాల్లో నాన్న పక్కన కూర్చుని చూసినప్పటి నుంచి, మా ఇంట్లో స్క్రూ ఉన్న వస్తువేదీ పూర్తి ఆయుష్షు బతకలేదు. రేడియో రోబో అయింది, టేబుల్ ఫ్యాను అంతరిక్ష నౌక అయింది. ఉద్యోగం వచ్చి, పెళ్ళయి, జుట్టు నెరిసినా కోఠి గుజరాతీ గల్లీలో ఎల్ఈడీలు, స్విచ్చులు ఏరుకోవడం మానలేదు. ఇంట్లోవాళ్ళు దీన్నంతా చెత్త అంటారు. 1977లో విడుదలైన ‘స్టార్ వార్స్’ తీసినప్పుడు హీరో చేతిలోని కాంతిఖడ్గానికి పిడిని పాత గ్రాఫ్లెక్స్ కెమెరా ఫ్లాష్ పిడితోనే తయారు చేశారని నేను ఎన్నోసార్లు విన్నవించాను గానీ, అది హాలీవుడ్ చెత్త అనీ, ఇది మన చెత్త అనీ తీర్పు వచ్చింది.

మేనల్లుడి కోసం నేను చేసింది కాలయంత్రం. బోర్లించిన మిక్సీ జారు, పీవీసీ పైపు ముక్కలు, వెండిరంగు స్ప్రే, లోపల ప్రోగ్రాము రాసుకునే ఒక చిన్న ఆర్డువీనో బోర్డు, రెండు లిథియం సెల్సు, ముందు నాలుగంకెల ఎర్రటి డిస్‌ప్లే. అందులో అంకె 2025 దగ్గర మొదలై సెకనుకు ఒక సంవత్సరం చొప్పున వెనక్కి నడిచి, ఆ సినిమాలో లాగే 1526 దగ్గర ఆగుతుంది, వెంటనే మళ్ళీ మొదటికి వస్తుంది. శ్రీకృష్ణదేవరాయలు 1509 నుంచి 1529 వరకు ఏలారు కనుక 1526లో దిగినవాడికి ప్రభువు సింహాసనం మీదే కనిపిస్తాడు. పైగా ఈ ప్రయాణానికి పట్టేది 499 సెకన్లు; సూర్యుడి దగ్గర బయలుదేరిన వెలుగు భూమికి చేరడానికి పట్టేదీ సుమారు అంతే. ఇది నేను పన్నిన పథకం కాదు, లెక్క వేసుకున్నాక బయటపడిన సంగతి. ఆదిత్యుడే స్వయంగా సంతకం చేసినట్టు పొంగిపోయి మా ఆవిడకు చెబితే, కూరలోకి కొత్తిమీర తెమ్మంది.

మాల్ ద్వారం దగ్గర డబ్బాను స్కానింగ్ యంత్రంలోకి పంపాను. ఆటో కుదుపులకు స్విచ్చి తనంతట తానే ఒత్తుకుపోయిన సంగతి నాకు అప్పటికి తెలియదు. తెర మీద తీగలూ సెల్సూ కనిపించగానే బెల్టు ఆగింది, డబ్బా తెరిపించారు, ఎర్రటి అంకెలు 1961, 1960, 1959 అంటూ దిగుతున్నాయి. నా వెనుక ఉన్న వరుస, ఎవరూ చెప్పకుండానే, ఎంతో క్రమశిక్షణతో నాలుగడుగులు వెనక్కి జరిగింది.

“గిది జీరోకొస్తే ఏమైతది సార్?” అన్నాడు గార్డు, చాలా మెల్లగా.

ఇక్కడ ఎవరైనా “ఏమీ కాదు” అని ఊరుకుంటారు. కానీ ముప్పై ఏళ్ళకు పైగా కాలయానం గురించి ఎవరో ఒకరు అడగాలని ఎదురుచూసిన మనిషిని నేను. అందుచేత, ఇది సున్నాకు రాదనీ, రాయలవారి దగ్గరే ఆగిపోతుందనీ, ఒకవేళ ఆగకుండా పోయినా క్రీస్తు శకంలో సున్నా అనే సంవత్సరమే లేదనీ, క్రీస్తు పూర్వం 1 ముగిసిన మరుక్షణం క్రీస్తు శకం 1 మొదలవుతుందనీ, కనుక మనం భయపడవలసిన అంకె చరిత్రలోనే లేదనీ సవివరంగా చెప్పాను. గార్డు నా ముఖం చూశాడు, అంకె చూశాడు, వాకీటాకీ తీశాడు.

వచ్చిన సూపర్‌వైజరుకు చరిత్ర మీద గానీ, భౌతికశాస్త్రం మీద గానీ ఆసక్తి లేదు. ఆయన ఆసక్తి అంతా చేతిలోని ట్యాబ్ మీద. లోపలికి వెళ్ళే ప్రతి ఎలక్ట్రిక్ వస్తువునూ అందులో ఎక్కించాలట. వస్తువు రకం అనే గడిలో లాప్‌టాప్, కెమెరా, స్పీకర్, మిక్సర్ గ్రైండర్ ఉన్నాయి గానీ కాలయంత్రం లేదు. ఆయన జారును ఒకసారి తట్టి చూసి, నాకు మాట్లాడే వ్యవధి ఇవ్వకుండా ‘మిక్సర్ గ్రైండర్’ నొక్కాడు. అంత పని చేసి, ఆఖరికి రోటి పచ్చడి స్థాయికి దించారు. తరువాతి గడి సీరియల్ నంబరు. అది నింపకపోతే సిస్టమ్ ముందుకు కదలదు. సీరియల్ నంబరు లేదండీ, చేత్తో చేసుకున్నది అన్నాను. “నంబర్ కనబడ్తనే ఉంది గద సార్,” అని ఆ క్షణాన డిస్‌ప్లే మీద ఉన్న 1874 కొట్టేశాడు.

పుట్టినరోజు బాగానే జరిగింది. కేకు బాగుంది.

తిరుగు ప్రయాణంలో ద్వారం దగ్గర ట్యాబ్ 1874 అంటోంది, నా యంత్రం 1702 అంటోంది. “ఇది వేరే మిక్సీ సార్,” అన్నాడు సూపర్‌వైజరు. ఇది అంకెలు మారే యంత్రమని ఉదయం గంటసేపు చెప్పించుకున్న మనిషే ఆయన! స్విచ్చి ఆపి చూపిస్తే, అసలు సీరియల్ నంబరే లేని వస్తువు బయటికి పోకూడదన్నాడు. ప్రోగ్రాము మార్చుదామంటే లాప్‌టాప్ ఇంట్లో ఉంది. చివరికి ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం: 1874 మళ్ళీ వచ్చేదాకా నిలబడాలి, వచ్చిన ఆ ఒక్క సెకను ఆయన కళ్ళారా చూడాలి.

మొదటిసారి 1880 దగ్గర ఆయనకు ఫోన్ వచ్చింది. అటు తిరిగి “హలో” అనేలోపు యంత్రం 1857 దాటిపోయింది. సూర్యుడి దగ్గర అప్పుడే బయలుదేరిన వెలుగు కోట్ల కిలోమీటర్లు దాటి మాల్ అద్దాల మీద పడే వ్యవధి నేను చెత్తబుట్ట పక్కన నిలబడ్డాను. మా చెల్లెలు వచ్చి, “అన్నయ్యా, ఇక్కడే పారేసి వచ్చెయ్యి, పిల్లలు నిద్రపోతున్నారు,” అంది. మా మేనల్లుడైతే తన స్నేహితుడితో, “మా మామయ్య మిక్సీ రిపేర్ చేయిస్తున్నాడు,” అని చెబుతున్నాడు.

తరువాతి చుట్టులో సూపర్‌వైజరు కదలలేదు. గార్డు కూడా వచ్చి నిలబడ్డాడు. 1876, 1875 అని ముగ్గురం పైకే చదివాం. 1874 వచ్చింది, ఆయన చూశాడు, సరేనని తలూపాడు. అయితే సిస్టమ్‌కు మాట చాలదట, నంబరు కనిపించేలా ఫొటో ఎక్కించాలట. హడావిడిగా ట్యాబ్ ఎత్తి నొక్కాడు.

ఫొటోలో 1873 పడింది.