ఉప్పెన తీసేశాక ఒంట్లో మిగిలేది

మనసుకు తగిలిన గాయాన్ని మన కథలూ సినిమాలూ చూపించే తీరు దాదాపు ఒకటే. ఉరుము ఉరుముతుంది, పాత్ర చెవులు మూసుకుంటుంది, జరిగిందంతా మొదటి నుంచి చివరిదాకా వరసగా కళ్లముందు తిరుగుతుంది. ఆనక ఎవరో ఆత్మీయుల ఒళ్లో తలపెట్టి ఏడిస్తే బరువు దిగిపోతుంది. ఇందులో తప్పు ఎక్కడుందో తెలియాలంటే ఒక పాత్రను దగ్గరగా చూడాలి.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచేసింది. పదివేల మందికి పైగా పోయారు. ఆ రాత్రి తాడిచెట్టును పట్టుకుని బతికిన పదేళ్ల పిల్ల, ఇరవై ఏళ్ల తర్వాత ఇద్దరు పిల్లల తల్లి అనుకుందాం. రచయిత చెయ్యి వెంటనే ఉప్పెన వర్ణన మీదికి పోతుంది. అక్కడే ఆగాలి. అలాంటి రాత్రి చాలామందికి ముక్కలుగానే గుర్తుంటుంది: తాడి మట్ట అంచు అరచేతిని కోసిన మంట, నానిన గడ్డి వాసన, తమ్ముడి చెయ్యి జారిపోయాక ఖాళీ అయిన గుప్పిట. ఏది ముందో ఏది వెనకో ఆమే చెప్పలేదు. ఎవరైనా అడిగితే ఒకసారి చెప్పిన వరస మరోసారి ఉండకపోవచ్చు. అంతమాత్రాన ఆమె అబద్ధమాడుతున్నట్టు కాదు.

అసలు కథ ఆమె రోజువారీ బతుకులో ఉంది. సముద్రం దగ్గరి సంబంధాలన్నీ ఏదో వంకతో కాదంది. అద్దెకైనా మేడమీద వాటాయే కావాలంటుంది. రోడ్డు దాటాక కూడా కూతురి చెయ్యి వదలదు, మణికట్టు కందిపోయేదాకా. నవంబరు వస్తే నిద్ర పట్టదు, గిన్నె కింద పడితే ఉలిక్కిపడుతుంది, అయినదానికీ కానిదానికీ అరుస్తుంది. ఇంట్లోవాళ్లు దీన్ని చాదస్తమనీ కోపిష్టితనమనీ అంటారు. ఉప్పెనకు ముడిపెట్టరు, ఆమె కూడా ముడిపెట్టదు. వర్షంలో మామూలుగానే ఉండి, ఎండలో గడ్డివాము పక్కన ఊపిరాడక నిలబడిపోవచ్చు. ఎందుకంటే ఆమె ఒంటికి గుర్తున్నది ఆ వాసన.

1980లో అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ దీనికి పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్, అంటే పెద్ద ఆపద దాటాక మనసును వదలని జబ్బు) అని పేరు పెట్టింది. పదేపదే గుర్తుకు రావడం, తప్పించుకు తిరగడం, మనసు మొద్దుబారడమో తనను తానే నిందించుకోవడమో, ఒళ్లంతా కాపలా కాస్తున్నట్టుండటం. ఈ నాలుగూ నెలకు మించి సాగి, బతుకును దెబ్బతీస్తేనే ఆ పేరు వాడతారు. కొందరిలో ఆరు నెలలు దాటాకగానీ పూర్తిగా బయటపడదు. అదే ఉప్పెనలో బతికిన ఆమె అన్నకు ఇవేవీ లేకపోవచ్చు. చాలామందికి రాదు కూడా. ఇద్దరినీ ఒకే ఇంట్లో పెట్టి రాస్తే కథకు ఎంత బలమో! ఇక తలమీద రెండో దెబ్బ తగిలి గతం గుర్తుకు రావడమనేది వైద్యంలో లేనే లేదు, దాన్ని వదిలేయాలి.

ఒక్క ఏడుపుతో నయం చేయడం అంతకన్నా పెద్ద తప్పు. నిజంగా బాధపడుతున్న పాఠకురాలు తనలోనే ఏదో లోపముందనుకుంటుంది. ఎక్స్‌పోజర్ థెరపీ, అంటే భయపెట్టే జ్ఞాపకాన్ని వైద్యుల తోడుతో కొద్దికొద్దిగా ఎదుర్కొనే చికిత్స, సాధారణంగా ఎనిమిది నుంచి పదిహేను సిట్టింగులు, ఒక్కోటి దాదాపు గంటన్నర. మొదట్లో కొందరికి బాధ పెరుగుతుంది, మధ్యలో మానేసేవాళ్లూ ఉంటారు. మందులు నిద్రకూ ఆందోళనకూ సాయపడొచ్చుగానీ జ్ఞాపకాన్ని చెరపవు. కాబట్టి ఆమె కోలుకోవడం చూపించాలంటే సముద్రపు ఒడ్డున నవ్వుతూ నిలబెట్టక్కర్లేదు. రోడ్డు దాటాక కూతురి చెయ్యి వదిలేసి, పది అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, పదకొండో అడుగులో మళ్లీ పట్టుకుంటే చాలు. ఈసారి మణికట్టు కందదు.